చుక్క తెచ్చిన చిక్కు!

ఒకే ఒక్క చుక్క. వరుస మొదట్లో పడితే చాలు... ఆ వరుస మొత్తం మాయం! కంప్యూటర్ ఆగదు. తెరమీద హెచ్చరిక రాదు. చదివేవాళ్లకి అక్కడో వాక్యం ఉండేదన్న సంగతే తెలియదు. సర్వర్లను నడిపేవాళ్లు కళ్లు మూసుకుని నమ్మే 'మ్యాన్ పేజీ'ల్లో ఇలాంటి తప్పుల్ని ఏరిపారేయడమే పనిగా పెట్టుకున్నవాళ్లు కొందరున్నారు. పేరు రాని, డబ్బు రాని ఆ పని కథే ఇది!

అర్ధరాత్రి రెండు గంటలు. ఏదో ఆఫీసులో ఓ సర్వర్ మొరాయించింది. డ్యూటీలో ఉన్నది ఒక్క కుర్రాడే. నెట్ కూడా పోయింది కాబట్టి ఎక్కడా వెతకడానికి లేదు. ఆ వేళప్పుడు ఫోన్ చేసి ఎవర్నీ లేపలేడు. ఫలానా ఆదేశం ఇస్తే పని జరుగుతుందని లీలగా గుర్తుంది కానీ ఎలా వాడాలో తెలియదు. కీబోర్డు మీద 'మ్యాన్' అని కొట్టి, పక్కనే ఆ ఆదేశం పేరు రాశాడు. తెరమీద వివరాలు ప్రత్యక్షమయ్యాయి. 'ఇది పాత ఫైళ్లను తొలగిస్తుంది' అని ఉంది. పాతవే కదా అనుకున్నాడు. ఎంటర్ నొక్కేశాడు.

నిజానికి ఆ పేజీ రాసినాయన కింది వరుసలో ఇంకో ముక్క కూడా రాశాడు. '.బ్యాకప్ అనే ఫోల్డరు ముందే లేకపోతే అవి మళ్లీ రావు' అని. పాపం, ఆ వరుస కుర్రాడి కంట పడలేదు. ఎందుకంటే... అది చుక్కతో మొదలైంది!

కుర్రాడి కథ ఊహించి చెప్పిందే. వరుస మాయమవడం మాత్రం ఊహ కాదు. మ్యాన్ పేజీలను దిద్దేవాళ్లు తరచూ చూసే తప్పుల్లో అదొకటి. చేతిలో ఉన్న కాగితం చిరిగిపోతే చిరిగిందని తెలుస్తుంది. అక్షరం తప్పు పడితే కంటికి ఆనుతుంది. కానీ లేని వాక్యం లేదని ఎవరికి తెలుస్తుంది?

మిక్సీకి పుస్తకం... కంప్యూటర్‌కి పేజీ

మిక్సీ కొన్నా, కుక్కర్ కొన్నా అట్టపెట్టెలో ఓ చిన్న పుస్తకం పెట్టి ఇస్తారు. ఏ మీట నొక్కితే ఏమవుతుందో, ఏం చేయకూడదో అందులో ఉంటుంది. యునిక్స్, లినక్స్ లాంటి కంప్యూటర్ వ్యవస్థల్లో ఆ పుస్తకం పేరే 'మ్యాన్ పేజీ'. మ్యాన్ అంటే ఇక్కడ మనిషి కాదు... మాన్యువల్‌కి ముద్దుపేరు. ఒక్కో ఆదేశానికి ఒక్కో పేజీ. ఆ పేజీలు కంప్యూటర్‌లోనే ఉంటాయి కాబట్టి నెట్ ఉన్నా లేకపోయినా చదువుకోవచ్చు.

ఇవి మనకెందుకు అనుకోవడానికి లేదు. చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ లోపల ఉన్నది లినక్స్ గుండెకాయే. వెబ్‌సైట్లను నడిపే సర్వర్లలోనూ సింహభాగం దానిదే. వాటిని కనిపెట్టుకుని ఉండేవాళ్లకి అక్కరకొచ్చేది మ్యాన్ పేజీ. హైదరాబాద్‌లో సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌గా చేరిన కుర్రాడికైనా, ఇంజినీరింగ్ కాలేజీ లినక్స్ ల్యాబ్‌లో కూర్చున్న అమ్మాయికైనా మొదట్లో నేర్పే ఆదేశాల్లో 'మ్యాన్' ఒకటి.

ఈ పేజీలను సంప్రదాయంగా ఎనిమిది భాగాలు చేశారు. ఒకటో భాగంలో మామూలుగా వాడే ఆదేశాలుంటాయి. రెండు, మూడు ప్రోగ్రామర్ల కోసం. నాలుగు పరికరాలకి, అయిదు ఫైళ్ల తీరుతెన్నులకి. ఆరోది... ఆటలకి! ఏడులో ఇతరత్రా సంగతులు, ఎనిమిదిలో సిస్టమ్ నిర్వహణ. ఒక్కో పేజీకీ ఓ వరస ఉంటుంది. మొదట పేరు, తర్వాత వాడే పద్ధతి, ఆపైన వివరణ. చాలా పేజీల్లో చివర 'బగ్స్' అని ఓ శీర్షిక కనిపిస్తుంది. మా ప్రోగ్రామ్‌లో ఫలానా లోపం ఉందని రాసినవాళ్లే ఒప్పుకునే చోటు అది. మిక్సీ పుస్తకాల్లో అలాంటి పేజీ ఎప్పుడైనా చూశారా!

పేటెంట్ల పుణ్యం

ఈ కథ మొదలైంది అమెరికాలో. 1964లో ఎంఐటీలో జెరోమ్ సాల్ట్‌జర్ అనే ఆయన 'రన్ఆఫ్' అని ఓ ప్రోగ్రామ్ రాశారు. మామూలుగా కొట్టిన అక్షరాలను తీసుకుని మార్జిన్లు, పేరాలు సరిచేసి అందంగా అచ్చువేసి ఇవ్వడం దాని పని. ఆ వంశంలో పుట్టిందే 'రాఫ్'. అది న్యూజెర్సీలోని బెల్ ల్యాబ్స్‌కి చేరింది. అక్కడ 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యునిక్స్‌కి ప్రాణం పోశారు. అయితే వాళ్ల దగ్గరున్నది పాత యంత్రం. కొత్తది కొనివ్వమంటే పైవాళ్లు ఒప్పుకోలేదు. దాంతో వాళ్లు ఓ ఉపాయం ఆలోచించారు. 'పత్రాలు తయారుచేసే వ్యవస్థ ఒకటి కట్టిస్తాం, దానికి యంత్రం కావాలి' అన్నారు. ఆ మాట పనిచేసింది. 1970లో యంత్రం వచ్చింది. సరిగ్గా అదే సమయంలో బెల్ ల్యాబ్స్ పేటెంట్ల విభాగానికి దరఖాస్తుల్లో వరుసలకు అంకెలు వేసిపెట్టే వ్యవస్థ కావాల్సివచ్చింది. రాఫ్‌తో అది కుదిరింది. 1971లో ఆ విభాగం టైపిస్టులు యునిక్స్ మీద పని మొదలుపెట్టారు. ఇవాళ లోకాన్ని ఏలుతున్న యునిక్స్ వంశానికి తొలి వాడకందార్లు వాళ్లే!

అదే సంవత్సరం నవంబరు 3 తేదీతో యునిక్స్ మొదటి మాన్యువల్ వెలువడింది. 1973లో జో ఒసానా 'ట్రాఫ్' రాసి, ఫొటో టైప్‌సెట్టింగ్ యంత్రం మీద పుస్తకంలా అచ్చయ్యే ఏర్పాటు చేశారు. 1977లో ఆయన కన్నుమూశాక బ్రయాన్ కెర్నిఘన్ దాన్ని ముందుకు తీసుకెళ్లారు. మ్యాన్ పేజీల కోసం డగ్లస్ మెక్‌ఇల్రాయ్ తయారుచేసిన ప్రత్యేక ఆదేశాలు 1979లో వచ్చిన ఏడో యునిక్స్‌తో లోకానికి అందాయి. ఈ రోజు లినక్స్‌లో వాడుతున్న 'జీరాఫ్' ప్రోగ్రామ్ తొలి రూపాన్ని జేమ్స్ క్లార్క్ 1990లో విడుదల చేశారు. పేజీలు రాసే పద్ధతి మాత్రం అప్పటిదే. నలభై ఏళ్లు దాటినా మారలేదు. అదే దాని బలం... అక్కడే ఉంది అసలు చిక్కు కూడా.

రెండు చుక్కల కథ

పత్రికాఫీసులో ప్రూఫ్ కాగితం చూసినవాళ్లకి ఈ పద్ధతి తేలిగ్గా అర్థమవుతుంది. 'ఇది హెడ్డింగ్', 'ఇది బోల్డ్', 'ఇక్కడ కొత్త పేరా' అని మార్జిన్‌లో రాస్తారు కదా. అలాంటి గుర్తులే ఇక్కడా ఉంటాయి. తేడా ఏమిటంటే మార్జిన్‌లో కాక విడి వరుసల్లో రాయాలి. అది పాఠకుడి కోసం కాదు, యంత్రం కోసం రాసిన మాట అని తెలియడానికి ముందో చుక్క పెట్టాలి. చుక్క తర్వాత ఎస్‌హెచ్ అని ఉంటే శీర్షిక. బి అని ఉంటే బోల్డ్. పి అని ఉంటే కొత్త పేరా.

చుక్కే ఎందుకంటే... ఏ వాక్యమూ చుక్కతో మొదలవదు, ముగుస్తుంది. కాబట్టి వరుస మొదట్లో చుక్క కనిపిస్తే అది పాఠం కాదని యంత్రం ఇట్టే పోల్చుకోగలదు. 1960ల్లో అది చాలా తెలివైన ఆలోచన.

కానీ యునిక్స్‌లో ఇంకో చుక్క కూడా పుట్టింది. పేరు చుక్కతో మొదలయ్యే ఫైళ్లను మామూలు జాబితాలో చూపించకుండా దాచేస్తుంది యునిక్స్. ఇది కావాలని పెట్టిన సదుపాయం కూడా కాదట. జాబితాలో అనవసరంగా కనిపించే రెండు పేర్లను తప్పించడానికి తొలిరోజుల్లో ఎవరో అడ్డదారి తొక్కితే, చుక్కతో మొదలయ్యేవన్నీ మాయమయ్యాయని బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రాబ్ పైక్ 2012లో వివరించారు. తర్వాత ఆ పొరపాటే అలవాటైంది. ప్రోగ్రామ్‌ల సొంత అమరికలు దాచుకునే ఫైళ్లన్నిటికీ చుక్క పేర్లు పెట్టడం మొదలైంది. '.ప్రొఫైల్' అలాంటిదే.

ఇక చూడండి. మాన్యువల్ రాసేవాళ్లు ఆ ఫైళ్ల గురించి చెప్పాలి. రాస్తూ రాస్తూ ఉండగా '.ప్రొఫైల్' అనే మాట సరిగ్గా వరుస మొదటికి వచ్చిందనుకోండి. జీరాఫ్ దాన్ని ఆదేశం అనుకుంటుంది. 'ప్రొఫైల్ అనే ఆదేశం నాకు తెలియదే' అనుకుని ఆ వరుసను వదిలేసి ముందుకెళ్లిపోతుంది. కనీసం తెలియదన్న మాటైనా పైకి అనదు. ఆ హెచ్చరిక కావాలని ప్రత్యేకంగా అడిగితేనే చెబుతుంది! ఒంటి కామాతో మొదలైన వరుసకీ ఇదే గతి.

మందు మాత్రం చాలా చిన్నది. చుక్క ముందు బ్యాక్‌స్లాష్, ఆంపర్‌సండ్ గుర్తులు కలిపి రాస్తే చాలు. ఆ రెండూ కలిస్తే వెడల్పు లేని, కంటికి కనిపించని అక్షరం అవుతుంది. వరుస దాంతో మొదలవుతుంది కాబట్టి చుక్క మొదటిది కాకుండా పోతుంది. వాక్యం తిరిగొస్తుంది. కనిపించని తప్పుకి కనిపించని అక్షరమే విరుగుడన్నమాట!

సున్నాకీ సున్నాకీ తేడా

చుక్క తర్వాత గొడవపెట్టేది అడ్డగీత. యునిక్స్ ఆదేశాల పక్కన అదనపు సూచనలు రాయాలంటే ముందో చిన్న అడ్డగీత పెట్టాలి. పాత తెరల మీద అడ్డగీత అంటే ఒక్కటే. తర్వాత యూనికోడ్ వచ్చింది. అందులో పదాలను కలిపే హైఫన్ వేరు, తీసివేత గుర్తు వేరు, కీబోర్డు మీదుండే గీత వేరు. చూడటానికి అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి. కంప్యూటర్‌కి మాత్రం దేని అంకె దానిదే.

తెలుగువాళ్లకి ఇది కొత్త కాదు. తెలుగు అంకెల్లో సున్నా, 'అం'లో వచ్చే సున్నా కంటికి ఒకేలా ఉంటాయి. యూనికోడ్‌లో అవి రెండూ వేర్వేరు అక్షరాలు. ఒకటి పెట్టాల్సిన చోట రెండోది పెడితే చదివేవాళ్లు గుర్తుపట్టరు... వెతికితే మాత్రం ఆ పదం దొరకదు.

మ్యాన్ పేజీల్లోనూ అదే జరుగుతుంది. రాసినాయన మామూలు గీత కొడతాడు. జీరాఫ్ దాన్ని పదాలు కలిపే హైఫన్ అనుకుని యూనికోడ్ హైఫన్‌గా మార్చేస్తుంది. పేజీ చక్కగా కనిపిస్తుంది. పాఠకుడు ఆ ఆదేశాన్ని అక్కణ్నుంచి కాపీచేసి నడిపితే కంప్యూటర్ 'నాకు అర్థం కాలేదు' అంటుంది. పోనీ పేజీలో ఆ సూచన ఎక్కడుందో వెతుకుదామన్నా దొరకదు. ఆదేశాల్లో వచ్చే గీతకు ముందు బ్యాక్‌స్లాష్ పెట్టడమే పరిష్కారం. 2023 జులైలో వచ్చిన జీరాఫ్ 1.23.0 ఈ తేడాను కచ్చితంగా పాటించడం మొదలుపెట్టింది. దాంతో వేల పేజీల్లోని పాత తప్పులు ఒక్కసారిగా బయటపడే పరిస్థితి వచ్చింది. ఆదేశాలు కాపీ చేసుకునేవాళ్లు ఇబ్బందిపడతారని డెబియన్ లాంటి లినక్స్ పంపిణీలు తమ దగ్గర పాత పద్ధతినే ఉంచాయి. 'తప్పును కప్పిపుచ్చడమెందుకు, పేజీలే దిద్దండి' అని ఒక పక్షం, 'అవన్నీ దిద్దేదాకా వాడేవాళ్లు ఏమైపోవాలి' అని మరో పక్షం. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

ఇందులో ఓ విశేషమేమిటంటే... యూనికోడ్‌ను కంప్యూటర్లలో భద్రపరిచేందుకు ఎక్కువగా వాడే 'యూటీఎఫ్-8' పద్ధతిని 1992లో కనిపెట్టింది ఎవరో కాదు, యునిక్స్ సృష్టికర్త కెన్ థాంప్సన్, రాబ్ పైక్. న్యూజెర్సీలో రాత్రి భోజనం చేస్తూ హోటల్ బల్ల మీద పరిచిన కాగితం మీద దాని లెక్క రాసుకున్నారు. ఒకప్పుడు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు చదవాలంటే ఒక్కో పత్రిక ఫాంటు ఒక్కోసారి దించుకోవాల్సి వచ్చేది. లేకపోతే తెరమీద గజిబిజి అక్షరాలే. ఆ బాధ తప్పించిన యూనికోడే మ్యాన్ పేజీల్లో అడ్డగీతకి ఇన్ని తిప్పలు తెచ్చిపెట్టింది!

నూలు పోగులు ఏరినట్టు...

ఈ తప్పులన్నీ పట్టుకునేదెలా? ఒక్కో పేజీ చదువుకుంటూ పోతే జన్మ చాలదు. పైగా మాయమైన వాక్యం చదివితే దొరకదు. అందుకే మొదట యంత్రాన్నే అడుగుతారు. జీరాఫ్‌కి పేజీని ఇచ్చి 'తెరమీద ఏమీ చూపించొద్దు, నీకు వచ్చిన అనుమానాలన్నీ మాత్రం చెప్పు' అంటారు. ఫలానా వరుసలో తెలియని ఆదేశం ఉంది, ఫలానా చోట పట్టిక తెర వెడల్పు దాటిపోయింది, ఫలానా పేరా ఖాళీగా ఉంది... ఇలా వరుస అంకెలతో సహా చెబుతుంది. క్రిస్టాప్స్ జాన్సన్స్ 2008లో మొదలుపెట్టిన 'మ్యాన్‌డాక్' ప్రోగ్రామ్‌లోనూ 'లింట్' అని ఇలాంటి సదుపాయమే ఉంది. లింట్ అంటే బట్టలకి అంటుకునే నూలు పోగులు. ఏరుతుంటే ఇంకా కనిపిస్తూనే ఉంటాయి కాబట్టి ఆ పేరు సరిగ్గానే కుదిరింది.

డెబియన్‌లో అయితే ప్రతి ప్రోగ్రామ్‌కీ మ్యాన్ పేజీ ఉండాలన్నది నియమం. లేకపోతే అది లోపం కిందే లెక్క. ప్యాకేజీలను తనిఖీచేసే 'లింటియన్' అనే పరికరం, మ్యాన్ పేజీల మీద జీరాఫ్ చేసిన ఫిర్యాదులనూ పట్టి చూపిస్తుంది.

అక్కడితో యంత్రం పని అయిపోతుంది. మనిషి పని మొదలవుతుంది. ఎందుకంటే హెచ్చరికలన్నీ తప్పులు కావు. పొడవాటి వెబ్ చిరునామాను ఎక్కడా విరచలేక జీరాఫ్ గొణిగితే దానికి ఎవరేం చేస్తారు? అలాగే ప్రతి అడ్డగీత ముందూ బ్యాక్‌స్లాష్ పెట్టుకుంటూ పోతే పదాల మధ్య ఉండాల్సిన మామూలు హైఫన్లు పాడవుతాయి. ఏది ఆదేశమో, ఏది మామూలు మాటో చదివి తేల్చుకోవాల్సింది మనిషే.

దిద్దాక ఇంకో పరీక్ష ఉంటుంది. దిద్దకముందు పేజీ ఎలా కనిపించిందో, దిద్దాక ఎలా కనిపిస్తోందో రెండిటినీ పక్కపక్కన పెట్టి తేడాలు మాత్రమే చూపించమంటారు. మార్చాలనుకున్నది తప్ప ఇంకొక్క అక్షరమైనా కదిలితే ఎక్కడో పొరపాటు జరిగినట్టే. అంతా బాగుంటే తీసేసిన వరుసల ముందు తీసివేత గుర్తు, చేర్చిన వరుసల ముందు కూడిక గుర్తు పెట్టి 'ప్యాచ్' తయారుచేస్తారు. ఎందుకు మార్చాల్సి వచ్చిందో నాలుగు ముక్కలు రాసి ఆ ప్రోగ్రామ్ బాధ్యత చూసేవాళ్లకి పంపుతారు.

అవతలివాళ్లు సంతోషంగా తీసుకోవచ్చు. 'నా తెరమీద బాగానే ఉందిగా' అని పక్కన పడేయనూవచ్చు. ఆ తెరమీద బాగుంటే సరిపోదు మరి! అదే పేజీని ఒకరు ఎనభై అక్షరాల వెడల్పున్న నల్లతెర మీద చదువుతారు. ఇంకొకరు వెబ్ పేజీగా మార్చుకుంటారు. మరొకరు కాగితం మీద అచ్చు తీస్తారు. చూపులేనివాళ్లు తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో వింటారు. స్పేస్‌బార్ కొట్టి కొట్టి వరసలు కుదిర్చిన పట్టిక ఒక తెరమీద ముచ్చటగా ఉండి, ఇంకోచోట ముక్కలైపోతుంది.

మొక్కకి కాదు... వేరుకి

ఈ రోజుల్లో మ్యాన్ పేజీలన్నీ చేత్తో రాసినవి కావు. చాలావాటిని వేరే రూపంలో రాసి, మార్పిడి పరికరాలతో మ్యాన్ పేజీలుగా మలుస్తున్నారు. పెర్ల్ భాషవాళ్లకి 'పాడ్‌టుమ్యాన్' ఉంది. ప్రోగ్రామ్ తన గురించి తాను చెప్పుకునే నాలుగు ముక్కల నుంచే పేజీ తయారుచేసే 'హెల్ప్‌టుమ్యాన్' ఉంది. డాక్‌బుక్, ఆస్కీడాక్, స్ఫింక్స్... ఇలా చాలా ఉన్నాయి.

ఇలా పుట్టిన పేజీలో తప్పు దొరికితే దాన్ని దిద్దినా ప్రయోజనం ఉండదు. ప్రోగ్రామ్‌ను మళ్లీ తయారుచేసినప్పుడు పేజీ కొత్తగా పుడుతుంది. తప్పు కూడా దాంతోపాటే! కాబట్టి అసలు పాఠంలో పొరపాటుందా, మార్చే పరికరంలోనే ఉందా అన్నది పట్టుకోవాలి. కష్టమే. కానీ పరికరంలో ఒక్క తప్పు దిద్దితే దాని చేతిమీదుగా వచ్చే పేజీలన్నీ ఒకేసారి బాగుపడతాయి. ఎరిక్ రేమండ్ 'డాక్‌లిఫ్టర్' అనే పరికరం రాసినప్పుడు ఈ పని మరో రూపంలో జరిగింది. మ్యాన్ పేజీలను ఆధునిక రూపంలోకి మార్చడం దాని పని. పేజీల్లో తప్పులుంటే ఆ పరికరం అక్కడే ఆగిపోయేది. దాంతో ఆయన లినక్స్‌లోని పేజీలన్నిటినీ దాని గుండా నడిపిస్తూ, ఆగిన ప్రతిచోటా తప్పు దిద్ది, ప్యాచ్‌లు రాసి సొంతదార్లకి పంపించారు.

ఇవీ తరచూ దొరికే తప్పులు!

* మాయమైన వరుస: చుక్కతో గానీ, ఒంటి కామాతో గానీ మొదలైన వాక్యం తెరమీదకి రాదు.

* మింగేసిన అక్షరాలు: రాఫ్ భాషలో బ్యాక్‌స్లాష్‌కి ప్రత్యేక అర్థం ఉంది. సీ భాషలో కొత్త వరుసకి వాడే బ్యాక్‌స్లాష్-ఎన్ గుర్తును ఉన్నదున్నట్టు రాస్తే దాని స్థానంలో వింతగా ఓ సున్నా ప్రత్యక్షం కావచ్చు.

* ఆగని బోల్డ్: ఒక మాటను బోల్డ్ చేసి, మళ్లీ మామూలు అక్షరాలకి రావడం మర్చిపోతే తర్వాతి మాటలూ బోల్డే. ఏది ముఖ్యమో తెలియదు.

* జాబితాకెక్కని పేరు: పేజీ మొదట్లో 'పేరు - ఒక్క ముక్కలో వివరణ' అన్న వరుస పద్ధతి ప్రకారం లేకపోతే ఆ పేజీ వెతుకులాటలో దొరకదు. లైబ్రరీలో ఉన్నా కేటలాగ్‌కి ఎక్కని పుస్తకంలాంటిది.

* ఇరుక్కున్న వాక్యాలు: ప్రతి వాక్యాన్నీ కొత్త వరుసలో మొదలుపెట్టమని కెర్నిఘన్ 1974లోనే చెప్పారు. అలా రాస్తే వాక్యాల మధ్య ఎడం కుదురుతుంది, తర్వాత దిద్దడమూ సులువు. ఆ మాట పెడచెవిన పెట్టినవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

జీతం లేని కొలువు

లినక్స్‌లో కీలకమైన రెండు, మూడు భాగాల పేజీలను చూసుకోవడానికి 'లినక్స్ మ్యాన్-పేజెస్' అని ఓ ప్రాజెక్టు ఉంది. 1990ల్లో రిక్ ఫెయిత్, ఆ తర్వాత ఆండ్రీస్ బ్రౌవర్ దాన్ని భుజాన వేసుకున్నారు. 2004లో మైఖేల్ కెరిస్క్ బాధ్యత తీసుకుని పదిహేనేళ్లకు పైగా మోశారు. ఆ అనుభవంతో ఆయన రాసిన లినక్స్ ప్రోగ్రామింగ్ పుస్తకం 2010లో వచ్చింది. దానికి పదిహేను వందలకు పైగా పేజీలు! 2020 నుంచి అలెహాంద్రో కొలోమార్ చేయి కలిపారు. తర్వాత బరువంతా ఆయనమీదే పడింది.

2024 సెప్టెంబరులో ఆయన ఓ ప్రకటన చేశారు. నాలుగేళ్లుగా ఖాళీ సమయాల్లో, పైసా తీసుకోకుండా చేస్తున్నాననీ, ఇక కొనసాగించే పరిస్థితి లేదనీ, పని ఆపేస్తున్నాననీ. ఈ పేజీలు చదివి కోట్లకు కోట్లు సంపాదించే కంపెనీలెన్నో ఉన్నాయి. వాటిని దిద్దే మనిషికి మాత్రం జీతమిచ్చేవాళ్లు లేకపోయారు. ఆ కబురు విన్నాక కొన్ని సంస్థలు కదిలాయి. డబ్బు సాయం చేసేందుకు ముందుకొచ్చాయి. కొన్ని నెలల్లోనే పని మళ్లీ మొదలైంది.

కుళాయి నీళ్లు ఆగినప్పుడే కదా, పైపులు చూసే మనిషి ఒకడున్నాడని వీధికి గుర్తొచ్చేది!

అచ్చుతప్పుల ఆత్మబంధువులు

పత్రికల్లో ఒకప్పుడు ప్రూఫ్‌రీడర్లని ఉండేవాళ్లు. రాత్రంతా కళ్లజోడు ముక్కుమీదకి జారుతుంటే తడి ఆరని ప్రూఫులు చదివేవాళ్లు. పొద్దున పేపర్లో ఒక్క తప్పు కనిపిస్తే ఊరంతా వాళ్లనే అనేది. తప్పులు లేని వెయ్యి పేపర్లకి మాత్రం మెచ్చుకున్న పాఠకుడు లేడు. మ్యాన్ పేజీలు దిద్దేవాళ్లది కూడా అదే వరస. వాళ్లు బాగా పనిచేస్తే... పేజీ మామూలుగా కనిపిస్తుంది. అంతే!

ఈ పనికి పెద్ద పెద్ద చదువులు అక్కర్లేదు. ఓ లినక్స్ కంప్యూటర్, ఓపిక, చదివిన వాక్యం అర్థమయ్యేంత ఇంగ్లిష్ ఉంటే చాలు. రోజూ వాడే ఆదేశం తాలూకు పేజీ ఒకటి తీసుకుని జీరాఫ్‌ని హెచ్చరికలు చెప్పమని అడిగితే మొదటిరోజే ఏదో ఒకటి దొరికే అవకాశముంది. కాలేజీ విద్యార్థి పంపిన ప్యాచ్ అయినా సరిగ్గా ఉంటే ప్రపంచమంతా వాడే సాఫ్ట్‌వేర్‌లోకి చేరుతుంది.

దాంతో ఏమొస్తుంది అంటారా? బహుశా ఏమీ రాదు. కాకపోతే ఎక్కడో ఓ ఆఫీసులో, అర్ధరాత్రి రెండు గంటలకి, ఒంటరిగా కూర్చున్న కుర్రాడు ఓ పేజీ తెరుస్తాడు. 'పాత ఫైళ్లను తొలగిస్తుంది' అని చదువుతాడు. ఎంటర్ మీదకి వెళ్లబోయిన వేలు, కిందనున్న ఇంకో వరుస చూసి ఆగిపోతుంది. ఆ వరుస మొదట్లో చుక్క ఉంటుంది. దానికి ముందు, ఎవరో ఎప్పుడో పెట్టిన కనిపించని అక్షరం ఒకటి ఉంటుంది.

ఆ సంగతి ఆ కుర్రాడికి ఎప్పటికీ తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు!